దంతధాతువునకు కావలి కాచిన రాజులు

సింహళద్వీపమున కొండల నడుమ, సరస్సు గట్టున నెలకొన్న క్యాండీ నగరమునకు బౌద్ధలోకమంతయు తలవంచుటకు కారణము శ్రీ దళదా మాళిగావ, అనగా బుద్ధభగవానుని దంతధాతువును నిక్షేపించిన మందిరము. సామాన్యదినములలో భక్తులకు దర్శనమిచ్చునది దంతము గాదు. దానిని గర్భమున దాచికొన్న స్తూపాకారమగు స్వర్ణకరండము మాత్రమే. దినమునకు ముమ్మాఱు డోళ్ల మ్రోతతో పూజ జరుగును.

ఈ ధాతువు కళింగమునుండి వచ్చినదని సింహళ సంప్రదాయము. దంతపురము నేలు గుహశివుడు శత్రువులు దండెత్తి వచ్చిన సమయమున దానిని కూతురు హేమమాలకును అల్లుడు దంతకుమారునకును ఒప్పగింపగా, ఆమె దానిని కొప్పులో దాచికొని, మాఱువేషమున మగనితో ఓడయెక్కి, క్రీ. శ. 4వ శతాబ్దిలో అనురాధపురము చేర్చెనట. ఆ దంతపురము మన శ్రీకాకుళము జిల్లాలోని దంతవరపుకోటయే యని కొందఱు పండితుల మతము. కథలో పురాణాంశ మెంతయున్నను, 5వ శతాబ్ది ప్రారంభమున అనురాధపురమున నివసించిన చీనా యాత్రికుడు ఫాహియాన్ అచటి దంతోత్సవమును వర్ణించియున్నాడు.

నాటినుండి రాజధాని యెచటికి తరలిన ధాతువును అచటికే తరలినది. అది యెవని రక్షణలో నుండునో వాడే సింహాసనార్హుడను విశ్వాసము ప్రజలలో పాతుకొనిపోయినది. 13వ శతాబ్ది చివర పాండ్యసేనలు నాటి రాజధానియైన యాపహువనుండి దానిని కొనిపోగా, మూడవ పరాక్రమబాహువు స్వయముగా పాండ్యరాజు కడకేగి, సామోపాయమున తిరిగి సంపాదించెను. క్యాండీలో తొలి మందిరమును మొదటి విమలధర్మసూర్యుడు నిర్మింపగా, నేటి గర్భాలయము 18వ శతాబ్ది తొలిభాగమున నరేంద్రసింహుని కాలమున రూపుదాల్చినది.

తెలుగువాడు విశేషముగా తెలిసికొనదగిన ఘట్టమిక్కడనే ప్రారంభమగును. 1739లో నరేంద్రసింహుడు గతింపగా, మధుర ప్రాంతమునుండి వచ్చిన ఆతని పట్టమహిషి సోదరుడు సింహాసనమెక్కెను. ఇట్లు తెలుగుమూలముగల నాయక వంశమువారు సింహళమునకు ప్రభువులైరి. వారిలో రెండవవాడైన కీర్తిశ్రీ రాజసింహుడు (1747–1782) పుట్టుకచే శైవుడయ్యును బౌద్ధమునకు చేసిన సేవ అనన్యము. దేశమున భిక్షువులకు ఉపసంపదదీక్ష (పూర్ణభిక్షుత్వ దీక్ష) నిచ్చు పరంపరయే అంతరించియుండగా, ఆతడు సయాము దేశమునుండి ఉపాలిస్థవిరుని రప్పించి 1753లో దానిని పునరుద్ధరించెను; దేవతల కుత్సవముగా నుండిన ఏసల పెరహెర అను ఊరేగింపులో దంతధాతువునకు అగ్రస్థానము కల్పించెను. విభూతి ధరించు రాజు మాకు వలదని 1760లో కొందఱు ప్రధానులును భిక్షువులును కుట్రపన్నిరి. అది బయటపడిన పిమ్మటను ఆ రాజు సంఘపోషణమును మానలేదు. ఏ దేశమును పాలించునో ఆ దేశపు ధర్మమును మోయుట రాజధర్మమని ఆతడు ఆచరణమున చూపినాడు. ఆలయముఖమున నున్న అష్టకోణ మంటపమును, ఎదుటి సరస్సును నిర్మించిన శ్రీవిక్రమ రాజసింహుడును ఆ వంశమువాడే. 1815లో ఆంగ్లేయులచే పదచ్యుతుడై వేలూరుకోటలో బందీయయ్యెను.

1998 జనవరిలో ఉగ్రవాదులు పేల్చిన బాంబువలన ముఖమండపము ఛిన్నాభిన్నమైనను ధాతువునకు హాని కలుగలేదు. శిథిలభాగములు మరల నిర్మింపబడినవి. క్యాండీకి పోవు తెలుగు యాత్రికులు అష్టకోణ మంటపము చెంత ఒకింత నిలిచి, దానిని కట్టించిన వంశమును స్మరింతురుగాక. పోలేనివారు శ్రీకాకుళపు దంతవరపుకోట మట్టిగోడలనైనను చూచి, వాని రక్షణమునకై పాటుపడుదురుగాక.