పాట మాది, పట్టా ఎవరిది?

ఒకప్పుడు పాట జనంలోకి వెళ్లాలంటే స్టూడియో, పంపిణీదారు, థియేటర్ యజమాని అనే మూడు గడపలు దాటాలి. ఆ గడపల లోపల ఏ కులాలున్నాయో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు. యూట్యూబ్ ఆ కాపలాను సడలించింది. 2016లో జియో రాకతో చౌకైన డేటా ఆ సడలింపును పల్లెల దాకా తీసుకెళ్లింది.

ఫలితాలు చిన్నవి కావు. జలంధర్‌కు చెందిన గిన్నీ మాహీ పాడిన రవిదాస్, అంబేడ్కర్ గీతాలు దేశం దాటాయి. తిట్టుగా వాడిన కులనామాన్నే ఆమె ధిక్కారంగా పాడింది. హైదరాబాద్‌లో మొదలైన ‘దళిత్ కెమెరా’ ప్రధాన స్రవంతి వదిలేసిన సాక్ష్యాలను నమోదు చేసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి వచ్చిన ‘మై విలేజ్ షో’ సినిమాలు హాస్యానికి మాత్రమే వాడుకున్న యాసను కథకు కేంద్రం చేసింది.

అయితే గడప దాటడం వేరు, ఇంటి మీద హక్కు రావడం వేరు.

2021 మార్చిలో విడుదలైన తమిళ గీతం ‘ఎంజాయ్ ఎంజామీ’నే చూడండి. శ్రీలంక తేయాకు తోటల్లో చాకిరీ చేసి, సెంటు భూమి లేకుండా మిగిలిన తన అవ్వల తరం జ్ఞాపకం నుంచి అరివు ఆ పాట రాశాడు. కోట్లాది మంది విన్నారు. కానీ అదే ఏడాది ఒక సంగీత పత్రిక ముఖచిత్రంపై అరివు లేడు. పా. రంజిత్ బహిరంగంగా ప్రశ్నించాకే ఆ లోపం చర్చకు వచ్చింది. పాట ఎవరి సృష్టి అన్నదానిపై అరివుకూ, సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్‌కూ భేదాభిప్రాయాలు వచ్చాయి. 2024లో సంతోషే తమకెవరికీ ఒక్క పైసా ముట్టలేదని ప్రకటించాడు. భూమి లేనివారి పాటకు పట్టా కూడా దక్కలేదు.

మన దగ్గరా అంతే. డక్కలి కళాకారుడు దర్శనం మొగిలయ్య పన్నెండు మెట్ల కిన్నెరతో ‘భీమ్లా నాయక్’ పాటకు ఆరంభమిచ్చాడు. 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. 2024లో భవన నిర్మాణ కూలీగా పత్రికల్లో కనిపించాడు. ‘బలగం’ పతాక సన్నివేశంలో బుడగజంగాల గానం ఓటీటీ ద్వారా ఇంటింటినీ ఏడిపించింది. ఆ గాయకుడు మొగిలయ్య అనారోగ్యంతో పోరాడుతూ, దాతల సాయం కోసం ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇది వ్యక్తుల దురదృష్టం కాదు, వ్యవస్థ నిర్మాణం. చట్టం రచయితను వెతుకుతుంది. జానపదానికి రచయిత పేరు ఉండదు కాబట్టి రికార్డు చేసినవాడు రికార్డింగుకు యజమాని అవుతాడు. ప్రకటనల ఆదాయం ఛానల్‌కూ, ధ్వనిముద్రణ హక్కుదారుకూ చేరుతుంది. తరతరాలుగా ఆ బాణీని మోసిన కులానికి చేరేది వీక్షణల సంఖ్య మాత్రమే. వెట్టిలో శ్రమ ఒకరిది, పంట మరొకరిది. తెర మారినా ఆ లెక్క మారలేదు.

కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణ గాయకులకు రాయల్టీ హక్కును గుర్తించింది. ఒప్పంద పత్రం చదవలేని కళాకారుడికి ఆ హక్కు కాగితం మీదే మిగులుతుంది. తెలుగులో ఒప్పందాలు, ఆశ్రిత కులాల బాణీలకు సామూహిక గుర్తింపు, సాంస్కృతిక శాఖ ద్వారా న్యాయసహాయం: ఈ మూడూ రాజకీయ డిమాండ్లు కావాలి. విశ్వవిద్యాలయ విద్యార్థులు పాటలు సేకరించేటప్పుడు పాడినవారి పేరు, ఊరు, సమ్మతి నమోదు చేయడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. కళాకారులకు శాలువాలు చాలానే కప్పాం. ఇక వారికి రావలసిన వాటా లెక్క తేల్చాలి.