ఆయుధ పరిశోధన – గోప్యత – సమాచార హక్కు

అధునాతన ఆయుధాల రూపకల్పనలో గోప్యత అనివార్యం. అయితే ఆ గోప్యత సమాచారానికా, సంస్థకా అన్నది పరిశీలించవలసిన అంశం. సమాచార హక్కు చట్టం–2005లో ఈ రెండు పద్ధతులూ కనిపిస్తాయి. సెక్షన్ 8(1)(ఎ) దేశభద్రతకు భంగం కలిగించే సమాచారాన్ని మినహాయిస్తుంది. ప్రజాప్రయోజనమే అధికమైతే, 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఉన్నప్పటికీ దానిని వెల్లడించవచ్చునని సెక్షన్ 8(2) చెబుతుంది. సెక్షన్ 24 మాత్రం రెండవ షెడ్యూలులోని సంస్థలనే చట్టం పరిధి నుండి తప్పిస్తుంది. హైదరాబాదులో క్షిపణి ప్రయోగశాలలున్న డి.ఆర్.డి.ఓ. ఈ జాబితాలోనిదే. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించిన సమాచారానికి మాత్రం ఈ రక్షణ లేదు. కనుక ఒక ప్రాజెక్టు జాప్యానికి, వ్యయం పెరగడానికి కారణాలను ఈ చట్టం ద్వారా పౌరుడు రాబట్టలేడు. ఆ ప్రశ్నలు ప్రధానంగా కాగ్‌కు, పార్లమెంటరీ సంఘాలకే మిగులుతాయి. శత్రువు నుండి దాచవలసిన ఆయుధరహస్యమూ, పౌరునికి చెప్పదగిన ఖర్చూ ఒకే తెర వెనుక ఉండిపోవడమే ఈ ఏర్పాటులోని లోపం.