వైద్య పత్రముల నకళ్లు: రుసుము ఎంతవరకు న్యాయము?

దక్షిణ అండమానులో శ్రీ విజయపురము శివారున డాలీగంజ్ ఉన్నది. 2024 సెప్టెంబరు వరకు ఆ నగరమునకు పోర్ట్ బ్లేయర్ అని పేరు. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతముల నుండి బ్రతుకుతెరువునకై వచ్చి ఈ దీవులలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము. అట్టి కుటుంబమొకటి డాలీగంజ్‌లో ఉన్నదని ఊహించుకొందము. ఇంటి పెద్దకు గుండెజబ్బు వచ్చినది. ఒక ప్రైవేటు వైద్యశాలలో చేరి వారము దినములు చికిత్స పొందినాడు. విశాఖపట్నము వెళ్లి అచటి నిపుణులకు చూపించుకొనుట మంచిదని డాక్టరు సలహా చెప్పినాడు. ఓడ ఎల్లుండి బయలుదేరును. కుమారుడు వైద్యశాలకు వెళ్లి తండ్రి కేసు కాగితముల నకళ్లు ఇప్పించవలసినదని కోరినాడు. బల్ల వద్దనున్న గుమాస్తా, "పరిపాలనా రుసుము చెల్లించిన గాని కాగితములు ఇచ్చుట లేదండీ" అని, నకళ్ల ఖర్చునకు ఎన్నో రెట్లు మించిన మొత్తమును చెప్పినాడు. ఓడ టిక్కెట్టు కొనగా చేతిలో మిగిలిన డబ్బు అంత లేదు.

ఇది ఊహించిన సన్నివేశమే. కాని ఆ కుమారుని మనస్సులో మెదలు ప్రశ్నలు ఎందరికో కలుగునవి. ఈ కాగితములు ఎవరివి? అడిగినచో ఇచ్చి తీరవలెనా? రుసుము అడుగుటకు వైద్యునకు అధికారము కలదా? కలదన్నచో ఎంతవరకు?

కాగితము లేనిచో ఏమగును?

అండమాను దీవులకును విశాఖపట్నమునకును మధ్య సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రమున్నది. ఓడ ప్రయాణమునకు రెండు దినములకు పైగా పట్టును. ఓడ తప్పినచో మరల ఎప్పుడో తెలిసికొని వేచియుండవలెను. ఇంత దూరము వెళ్లిన రోగి వట్టి చేతులతో కొత్త వైద్యుని ఎదుట నిలిచినచో, ఆయన చేయగలిగినది స్వల్పము. ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చిరి? ఏ మందు పడలేదు? గుండె పటము మొదట ఎట్లుండెను? ఈ ప్రశ్నలకు రోగి జ్ఞాపకశక్తి నుండి సరియైన సమాధానము రాదు. అందుచే జరిగిన పరీక్షలే మరల జరుగును. ధనము పోవును, కాలము పోవును, ఒక్కొక్కప్పుడు అంతకంటె విలువైనదే పోవును. దీవులలో నివసించు రోగికి వైద్య పత్రము చికిత్సలో ఒక భాగమే.

నిబంధనలు ఏమి చెప్పుచున్నవి?

కాగితము వైద్యశాలది; దానిలోని వృత్తాంతము రోగిది. భారత వైద్య మండలి 2002వ సంవత్సరమున చేసిన వృత్తి ప్రవర్తనా నిబంధనలు ఈ విషయమున స్పష్టముగా నున్నవి. వైద్యశాలలో చేరి చికిత్స పొందిన ప్రతి రోగి యొక్క పత్రములను, చికిత్స ప్రారంభమైన దినము మొదలు 3 సంవత్సరముల పాటు వైద్యుడు భద్రపరచవలెను. రోగి గాని, అతడు అధికారమిచ్చిన వ్యక్తి గాని కోరినచో, అర్జీ ముట్టినట్లు తెలిపి, 72 గంటలలో పత్రములను ఇవ్వవలెను. ఇవ్వ నిరాకరించుట వృత్తి దోషముగా పరిగణింపబడును. 2023 ఆగస్టులో క్రొత్త నిబంధనలు వెలువడినను, అదే నెలలో అవి నిలుపుదల చేయబడినవి. 2002 నాటివే మరల అమలులోనికి వచ్చినవి.

అంతకు పూర్వమే, 1996లో బొంబాయి హైకోర్టు ఈ సమస్యను విచారించినది. రోగి గాని, అతని దగ్గరి బంధువు గాని అడిగినప్పుడు కేసు కాగితముల నకళ్లను ఆసుపత్రులు, వైద్యులు ఇవ్వవలెనని తీర్పు చెప్పినది. నకళ్లు ఇచ్చుటకు అవసరమైన ఖర్చును కోరుట సమంజసమేననియు అదే తీర్పులో పేర్కొన్నది. జాతీయ మానవ హక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రము కూడ ఇదే మార్గమును అనుసరించినది. రోగి ఇంకను ఆసుపత్రిలో నుండగా 24 గంటలలోను, ఇంటికి పంపిన పిదప 72 గంటలలోను పత్రములు అందుట మంచిదని అది చెప్పుచున్నది. తగిన నకలు రుసుము తీసికొనవచ్చును, లేదా రోగియే తన ఖర్చుతో నకళ్లు తీయించుకొనుటకు అనుమతింపవచ్చును.

ఏ రుసుము న్యాయము?

కావున రుసుము అడుగుటయే తప్పు అనుట సరికాదు. కాగితమునకు, సిరాకు, యంత్రమునకు, నకలు తీయు మనిషి శ్రమకు ఖర్చగును. చిన్న వైద్యశాల నడుపు డాక్టరు ఆ ఖర్చును కోరినచో అందు అన్యాయము లేదు. అయితే పాత పెట్టెలు వెదకినందుకు, సంతకము పెట్టినందుకు, కేవలము "పరిపాలన" అను పేరుతో పెద్ద మొత్తము అడుగుట వేరు. పత్రములను భద్రపరచుట వైద్యుని విధి. తన విధిని తాను నిర్వర్తించినందుకు రోగి వద్ద మరల వెల కట్టుట తగదు. ఇంత మాత్రమే తీసికొనవలెనని 2002 నిబంధనలలో అంకె ఏదియు లేదు. అందువలననే దీనిని కొలుచుటకు ఒక సులభమైన గీటురాయి కావలెను: ఆ రుసుము నకలు ఖర్చును రాబట్టుచున్నదా, లేక రోగిని అడుగనీయకుండ చేయుచున్నదా? మొదటిది ధర, రెండవది అడ్డుగోడ. వైద్యశాలకు రోగి బాకీ ఉన్నచో దానిని వసూలు చేసికొను మార్గములు వేరుగా నున్నవి. బాకీ తీరిన పిమ్మటనే పత్రములు ఇవ్వవలెనను షరతు 72 గంటల నిబంధనలో లేదు.

ఇతర దేశములును ఈ గీతను గీయుచున్నవి. అమెరికాలో రోగి తన పత్రములను కోరినప్పుడు నకలు తీయు శ్రమకు, సామగ్రికి, తపాలాకు మాత్రమే రుసుము తీసికొనవచ్చును. వెదకిన శ్రమకు తీసికొనరాదు. బ్రిటనులో కాగితపు పత్రములకు 50 పౌనుల వరకు వసూలు చేయు పద్ధతి 2018లో ముగిసినది. జర్మనీలో ఒక రోగి తన దంతవైద్యుని పత్రములు అడుగగా, ఖర్చు భరించినచో ఇత్తునని ఆయన చెప్పినాడు. వివాదము ఐరోపా న్యాయస్థానము వరకు వెళ్లినది. మొదటి నకలును ఉచితముగా ఇవ్వవలెనని 2023 అక్టోబరు 26న తీర్పు వెలువడినది.

ప్రభుత్వ ఆసుపత్రిలో

ప్రభుత్వ ఆసుపత్రులకు అదనముగా 2005 నాటి సమాచార హక్కు చట్టము వర్తించును. మామూలు అర్జీతో పని జరుగనిచో ఈ చట్టము క్రింద కోరవచ్చును. కేంద్ర నియమముల ప్రకారము అర్జీకి 10 రూపాయలు, నకలునకు పుటకు 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు రుజువు చూపినచో ఏమియు చెల్లింపనక్కరలేదు. జవాబునకు గడువు 30 దినములు. ప్రాణమునకు సంబంధించిన సమాచారమైనచో 48 గంటలు. పుటకు 2 రూపాయలన్న ఈ అంకె ప్రైవేటు వైద్యశాలలను బంధింపదు. అయినను నకలు ఖర్చు ఎంతలో నుండునో తెలిసికొనుటకు అది మంచి కొలమానము.

అడుగవలసిన విధము

పత్రములను ఇంటికి వెళ్లిన పిదప గాక, రోగి ఇంకను మంచము మీద నుండగనే అడుగవలెను. 72 గంటల గడువు న్యాయమైనదే గాని, ఎల్లుండి ఓడ ఎక్కువారికి అది చాలదు.

అర్జీ వ్రాతపూర్వకముగా నుండవలెను. అందు రోగి పేరు, చేరిన తేది, కావలసిన పత్రములు వ్రాసి, రెండవ ప్రతిపై ముట్టినట్లు సంతకము, తేది, వేళ వేయించుకొనవలెను. రోగికి బదులు మరియొకరు వెళ్లినచో, రోగి సంతకముతో అధికార పత్రమును, గుర్తింపు పత్రమును తీసికొని వెళ్లవలెను. గుమాస్తా వాటిని అడిగినచో కోపగించరాదు. రోగి రహస్యమును కాపాడుట ఆయన కర్తవ్యము.

రుసుము అడిగినచో, దేనికి ఎంతయో వ్రాసి ఇమ్మని మర్యాదగా కోరి, చెల్లించిన దానికి రశీదు తీసికొనవలెను. 2010 నాటి వైద్య సంస్థల చట్టము కేంద్రపాలిత ప్రాంతమైన అండమాను నికోబారు దీవులకు వర్తించును. దాని నియమముల ప్రకారము సంస్థలు తమ సేవల ధరలను స్థానిక భాషలోను, ఇంగ్లీషులోను ప్రదర్శింపవలెను. ఆ చట్టము క్రింద జిల్లా అధికారి అధ్యక్షతన నుండు నమోదు సంస్థకు ఫిర్యాదు చేయవచ్చును. వినియోగదారుల సహాయమునకు 1915 అను టెలిఫోను సంఖ్య కలదు.

ఒక హెచ్చరిక. 3 సంవత్సరముల నిబంధన చేరి చికిత్స పొందినవారికి మాత్రమే. బయటి రోగిగా చూపించుకొన్నవారు తమ మందుల చీటీలను, పరీక్షా ఫలితములను తామే తేది వరుసను ఒక సంచిలో భద్రపరచుకొనవలెను. ఆరోగ్య పత్రములను కంప్యూటరు ద్వారా అనుసంధించు జాతీయ పథకము 2020 ఆగస్టు 15న మొదట ఆరు కేంద్రపాలిత ప్రాంతములలో ఆరంభింపబడగా, అండమాను నికోబారు అందొకటి. 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్య ఉన్నవారు పథకములో చేరిన ఆసుపత్రుల పత్రములను తమ ఫోనులోనే చూచుకొనవచ్చును.

మన కథలోని కుమారునకు ఈ సంగతులు ముందే తెలిసియున్నచో, తండ్రి వైద్యశాలలో నుండగనే అర్జీ ఇచ్చియుండును. నకళ్ల ఖర్చు చెల్లించి, రశీదుతో సహా సంచిలో పెట్టుకొని ఓడ ఎక్కియుండును. విశాఖపట్నములోని వైద్యుడు ఆ సంచి విప్పి, డాలీగంజ్‌లో ఆగిన చోటి నుండి చికిత్సను కొనసాగించును. వైద్యులు ధర్మముగా ఇచ్చి, రోగులు ముందుగా అడిగినచో, ఆ సంచి ప్రతి రోగి చేతిలోను ఉండగలదు.