తాళం వేసిన ఇంటికి అలారం: మోగితే వచ్చేదెవరు?

ధర్పల్లి చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా తాళం పడ్డ ఇళ్లు కొన్ని కనిపిస్తాయి. ఇంటాయన దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటాడు. ఇల్లాలు పిల్లల చదువుల కోసం నిజామాబాద్‌లో కిరాయికి ఉంటుంది. పెళ్లికనో తిరుపతికనో నాలుగు రోజులు తాళం పడే ఇళ్లు వేరే. పసుపు అమ్మిన పైసలో, గల్ఫ్ సంపాదనతో చేయించిన బంగారమో బీరువాలో ఉందంటే ఎక్కడికి పోయినా మనసంతా ఇంటి మీదే ఉంటుంది. అందుకే వైర్‌లెస్ మోషన్ సెన్సర్ అలారాలు కొనే ఆలోచన చాలామందికి వస్తోంది. కొనడం తేలికే. అవసరం పడిన రాత్రి అది పనికి రావాలంటే మాత్రం రెండు సంగతులు తెలియాలి. సెన్సర్ దేన్ని పసిగడుతుంది, దాని కబురు ఎవరికి చేరుతుంది. నా లెక్కలో రెండోదే ముఖ్యం, జనం వదిలేసేది కూడా దాన్నే.

గది మూలన బిగించే ఆ తెల్లటి డబ్బా కెమెరా కాదు, బొమ్మ తీయదు. మన ఒంటి నుంచి కంటికి కనిపించని పరారుణ కిరణాలు ఎప్పుడూ వెలువడుతుంటాయి. ఈ రకం కిరణాలున్నాయని 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని థర్మామీటరుతో పరీక్షిస్తూ కనిపెట్టాడు. డబ్బా లోపల ఈ కిరణాల్లో వచ్చే తేడాను పట్టుకునే చిన్న బిళ్ల ఉంటుంది. ముందున్న గీతల ప్లాస్టిక్ మూత గదిని విసనకర్ర పుల్లల్లా పట్టీలు పట్టీలుగా విడదీస్తుంది. మనిషి ఒక పట్టీ నుంచి పక్క పట్టీలోకి అడుగు పెట్టగానే బిళ్లకు తగిలే వేడి మారుతుంది. సెన్సర్‌కు తెలిసిన కదలిక అదే. కదలకుండా నిలబడ్డ మనిషిని అది గుర్తించదు. మామూలు గాజు ఈ కిరణాలను దాటనివ్వదు కాబట్టి మూసిన కిటికీ అద్దం అవతల ఉన్నవాణ్నీ గుర్తించదు.

ఎక్కడ బిగించాలన్నది ఇక్కడే తేలిపోతుంది. నేరుగా తన వైపు నడిచి వచ్చేవాణ్ని సెన్సర్ ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా దాటేవాణ్ని వెంటనే పడుతుంది. అందుకే దర్వాజకు ఎదురుగా కాకుండా, లోపలికి వచ్చినవాడు దాని ముందు నుంచి అడ్డంగా పోయేలా పక్క మూలలో, సుమారు 7 అడుగుల ఎత్తున బిగించాలి. మామూలు సెన్సర్ 8 నుంచి 12 మీటర్ల దూరం వరకు చూస్తుంది. ప్రతి గదికీ ఒకటి అక్కర్లేదు. బీరువా గదికి పోవాలంటే తప్పక దాటాల్సిన చోట ఒకటి ఉంటే చాలా ఇళ్లకు సరిపోతుంది. పెంకుటిల్లయితే దర్వాజకు పెట్టే అయస్కాంతపు సెన్సర్‌ను ఒక్కదాన్నే నమ్మవద్దు. పెంకులు తీసి దిగేవాడు దర్వాజ ముట్టుకోడు.

మన జిల్లా ఎండల గురించి కాస్త వివరంగా చెప్పాలి. కంపెనీ ఇచ్చే కాగితంలో ఇది సరిగా ఉండదు. మనిషి చర్మం వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో బయట 44 డిగ్రీలు కాస్తే, కిటికీలన్నీ మూసి ఉన్న డాబా ఇంట్లో గోడలు చీకటి పడ్డాక కూడా వేడిగానే ఉంటాయి. గోడకూ మనిషికీ వేడిలో తేడా లేకపోతే సెన్సర్‌కు ఆ మనిషి గోడలో కలిసిపోయినట్టే. చలికాలంలో 10 మీటర్లకు పట్టుకున్న డబ్బా అప్పుడు దగ్గరికి వస్తేగానీ పట్టుకోదు. వేడిని బట్టి తనను తాను సవరించుకునే సెన్సర్లు ఉన్నాయి, అవి అడిగి కొనండి. ఏ రకమైనా సరే, ఎండాకాలం సాయంత్రం ఒకసారి గదిలో నడిచి చూడండి.

నడిచి చూసేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. బ్యాటరీ ఆదా కోసం చాలా సెన్సర్లు ఒకసారి కబురు పంపాక కొన్ని నిమిషాలు నిద్రపోతాయి. రెండోసారి నడిస్తే లైటు వెలగలేదని, చెడిపోయిందని వాపసు ఇచ్చేవాళ్లున్నారు. గది ఖాళీగా వదిలి, కాసేపాగి మళ్లీ నడవాలి.

ఉత్తపుణ్యానికి మోగడం ఇంకో సమస్య. కిటికీలోంచి నేరుగా పడే ఎండ, కూలర్ గాలి, ఊగే పరదా, మూత మీద పాకే బల్లి, లోపల గూడు కట్టిన సాలీడు, వీటిలో ఏదైనా దాన్ని మోగించగలదు. వాకిట్లో, డాబా మీద అయితే అసలే పెట్టవద్దు, కోతులు పొద్దస్తమానం మోగిస్తాయి. అలా రెండు మూడు సార్లు మోగితే వాడకట్టు వాళ్లు పట్టించుకోవడం మానేస్తారు. అసలు దొంగ వచ్చిన రాత్రి కూడా కోతేలే అనుకుని ముసుగు తన్ని పడుకుంటారు.

సెన్సర్ కబురు అందుకుని సైరన్ మోగించి, ఫోన్ చేసే పెట్టెను ప్యానెల్ అంటారు. సెన్సర్‌ను దానికి జత చేయడం పెద్ద పనేం కాదు. ప్యానెల్ మీద బటన్ నొక్కి, సెన్సర్ ముందు చేయి ఊపితే బీప్ వస్తుంది. ప్యానెల్‌ను దర్వాజ పక్కన పెట్టవద్దు, వచ్చినవాడు మొదట దాన్నే పీకేస్తాడు. ఇనుప బీరువా వెనక పెడితే సిగ్నల్ అందదు. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డ్ మార్చాలి.

ప్యానెల్‌లో వేసే సిమ్ దగ్గర తప్పులు ఎక్కువ. తక్కువ ధర ప్యానెళ్లు చాలావరకు 2జీ మీద నడుస్తాయి, జియోకు 2జీ లేదు. 4జీ ప్యానెల్ కొనాలి, లేదా ఆ ఊళ్లో 2జీ బాగా అందే సిమ్ వేయాలి. రీచార్జ్ గడువు అయిపోయిన సిమ్ ఉన్న అలారం సైరన్ మోగిస్తుందంతే, ఎవరికీ ఫోన్ చేయదు. వైఫై మీద నడిచేదైతే కరెంటు పోగానే రౌటర్ కూడా ఆగుతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్‌కు కలపాలి.

ఇక అలారం ఫోన్ చేయాల్సిన మొదటి నంబర్ ఎవరిది? గల్ఫ్‌లో ఉన్నాయన ప్రేమకొద్దీ తన నంబరే మొదట పెట్టించుకుంటాడు. ఇక్కడ రాత్రి రెండయితే దుబాయ్‌లో పన్నెండున్నర, రియాద్‌లో పదకొండున్నర. ఆయన మేల్కొని ఉన్నా చేయగలిగింది మళ్లీ ఇక్కడికి ఫోన్ చేయడమే. పైగా ఐఎస్‌డీ బ్యాలెన్స్ లేని సిమ్ నుంచి ఆ ఫోన్ పోనే పోదు. మొదటి నంబర్ పక్కింటివాళ్లది, రెండోది అదే వాడలో ఉండే చుట్టానిది ఉండాలి. దేశం బయట ఉన్నవాళ్లకు యాప్‌లో వచ్చే సందేశం చాలు.

ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ పేరుతో చేసింది, కబురు దగ్గరున్నవాళ్లకే ముందు చేరాలన్న ఈ సూత్రం మీదే. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో నమోదు చేసుకుంటే పోలీసులే వచ్చి ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక కనబడితే కబురు నేరుగా కంట్రోల్ రూమ్‌కు పోతుంది. మీరు సొంతంగా కొన్న అలారానికి ఆ ఏర్పాటు ఉండదు, దాన్ని మీరే చేసుకోవాలి. తాళం వేసి పోయేముందు స్టేషన్‌లో ఒక మాట చెప్పండి. పక్కింటివాళ్లను కూర్చోబెట్టి సైరన్ ఒకసారి మోగించి వినిపించండి. మోగితే ఒంటరిగా లోపలికి పోవద్దని, నలుగురినీ లేపి 100కు ఫోన్ చేయమని చెప్పండి. ఆ తర్వాతే బస్సెక్కండి.