మీకు తెలుసా? మందమర్రికి విమానం దగ్గరికొచ్చిన కాలం

మందమర్రి సింగరేణి కార్మికులకు హైదరాబాద్ అంటే రైలు ప్రయాణమే. కానీ 1980 దశకంలో గోదావరి దాటితే విమానం కూడా దొరికేది! రామగుండం దగ్గరి బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్ నుంచి వాయుదూత్ సంస్థ హైదరాబాద్‌కు విమానాలు నడిపింది. చిన్న ఊళ్లను కలపడానికే 1981లో పుట్టిన ప్రభుత్వ సంస్థ అది.

బసంత్‌నగర్ నుంచి హైదరాబాద్‌లోని బేగంపేట విమానాశ్రయానికి గాలిలో గీత గీస్తే సుమారు 170 కిలోమీటర్లు. వాయుదూత్ వాడిన 19 సీట్ల డోర్నియర్ 228 లాంటి విమానం గంటకు 350 కిలోమీటర్ల వేగంతో వెళ్తే లెక్క ప్రకారం అరగంట. అసలు ప్రయాణం అంతకంటే ఎక్కువే పడుతుంది. పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు వేగం తక్కువ. ఎదురుగాలి వీస్తే ఇంకా ఆలస్యం. దూరం ఎంత తక్కువైతే ఈ అదనపు నిమిషాల వాటా అంత పెరుగుతుంది.

బసంత్‌నగర్ నుంచి వరంగల్ మామునూరుకైతే సుమారు 90 కిలోమీటర్లే. మామునూరు నిజాం కాలపు విమానాశ్రయం, 1930లో కట్టారు.

ఇంతకంటే దగ్గరి విమాన ప్రయాణాలూ ఉన్నాయి. స్కాట్లాండ్‌లోని వెస్ట్రే, పాపా వెస్ట్రే దీవుల విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 2.7 కిలోమీటర్లు. 1967లో మొదలైన ఆ సర్వీసుకు టైంటేబుల్లో రాసేది 2 నిమిషాలు, రికార్డు 53 సెకన్లు!

టికెట్‌పై ఉండే ప్రయాణ సమయం గాలిలో ఉండేది మాత్రమే కాదు. విమానం నిలిపినచోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గమ్యంలో మళ్లీ ఆగేదాకా లెక్కిస్తారు.