టాస్క్ ప్రయారిటీ

సీసాలు నింపే ఫ్యాక్టరీలో కన్వేయర్ మీద సీసా సెన్సర్ ముందుకొచ్చింది. నాజిల్ ఆ క్షణమే తెరుచుకోవాలి. సరిగ్గా అప్పుడే యంత్రాలను నడిపే కంట్రోలర్ (పీఎల్‌సీ) ట్యాంకు ఉష్ణోగ్రత లెక్కలో మునిగి ఉంటే? ఆ లెక్కను అక్కడే ఆపి, సీసా సంగతి చూసి, మళ్లీ వచ్చి పూర్తిచేయాలి. ఏ పని వస్తే ఏది దారి ఇవ్వాలో ముందే చెప్పిపెట్టే అంకే టాస్క్ ప్రయారిటీ.

ముఖ్యమైన పనికే పెద్దపీట వేయాలని చాలామంది అనుకుంటారు. కానీ తరచుగా చేయాల్సిన పనిని పైన పెట్టడమే మేలు. మారని ప్రయారిటీలతో నడిచే పద్ధతుల్లో ఇదే ఉత్తమమని 1973లో లియు, లేలాండ్ అనే పరిశోధకులు గణితంతో నిరూపించారు. 100 మిల్లీసెకన్లకోసారి నడిచే టాస్క్ కాస్త ఆగగలదు, 5 మిల్లీసెకన్లకోసారి నడిచేది ఆగలేదు.

అసలు తికమక అంకెల దగ్గర. పీఎల్‌సీ ప్రోగ్రామింగ్‌కు ఉన్న ఐఈసీ 61131-3 ప్రమాణంలో 0 అన్నిటికన్నా పైది. సీమెన్స్ ఎస్7 కంట్రోలర్లలో పెద్ద అంకెదే పైచేయి. ఒకదాని అలవాటుతో రెండోదాంట్లో అంకెలు వేస్తే వరస తలకిందులైపోతుంది. మాన్యువల్ తెరిచి చూడకుండా అంకె వేయకూడదు.

ఎక్కువ ప్రయారిటీ ఉన్న టాస్క్‌లో కోడ్ పొట్టిగా ఉండాలి. అందులో ఒక్క లూప్ ఎక్కువసేపు తిరిగినా కింది పనులకు వంతు రాదు, చివరికి సమయం మించిందా అని కాపలా కాసే వాచ్‌డాగ్ టైమర్ కంట్రోలర్‌ను ఆపేస్తుంది.