కుక్కకు ఎగశ్వాస - ఎప్పుడు భయపడవలె?



ఈవేళ ఎరువుల గురించి కాదు, విత్తనాల గురించి కాదు. మన వాకిట్లో పడుకునే కుక్క గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. కుక్క మీద ప్రసంగమేమిటని నవ్వకండి. మన తిరుమలగిరి పల్లెల్లో గొర్రెల మందకు కావలి కుక్క. చేనులో దిగిన అడవిపందిని అరిచి తరిమేది కుక్క. రాత్రిపూట బావి కాడికి మోటారు వేయబోయే రైతుకు తోడు కూడా కుక్కే. అటువంటి కుక్క ఒకనాడు హఠాత్తుగా మెడ చాచి గుర్రు గుర్రుమంటూ ఊపిరి ఎగబీలిస్తే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు. "సారూ, మా కుక్క బతుకుతదా?" అని అడుగుతారు.

నేను వ్యవసాయ డిప్లొమా చదివినవాణ్ణి, పశువైద్యుణ్ణి కాను. మందు చెప్పడం నా పని కాదు. అయితే ఏది చూసి నిమ్మళంగా ఉండవచ్చునో, ఏది చూస్తే దవాఖానకు పరుగెత్తవలెనో ప్రతి రైతుకూ తెలిసి ఉండాలి. దానికి ఒక్క సూత్రం జ్ఞాపకం పెట్టుకోండి: కుక్క చేసిన శబ్దాన్ని బట్టి కాదు, ఆ శబ్దం ఆగిన తరువాత కుక్క ఉన్న తీరును బట్టి తేల్చుకోవాలి.

మొదట మంచి ఊపిరి ఎట్లా ఉంటుందో తెలుసుకుందాం. కుక్క చల్లని చోట నిద్రపోతున్నప్పుడు దాని డొక్కను చూడండి. ఒకసారి లేచి పడితే ఒక ఊపిరి. గడియారం పెట్టుకుని అర నిమిషం లెక్కించి, వచ్చిన దాన్ని రెండింతలు చేయండి. ఆరోగ్యంగా ఉన్న కుక్క నిద్రలో నిమిషానికి 30 కి లోపుగానే ఊపిరి తీస్తుంది. ఎండలో నుంచి వచ్చిన వెంటనే, కలగని కాళ్లాడిస్తున్నప్పుడు లెక్కించిన లెక్క పనికిరాదు. నిద్రలో కూడా మళ్లీ మళ్లీ 30 దాటుతున్నదంటే గుండెలోనో ఊపిరితిత్తులలోనో జబ్బు ఉండవచ్చును. ముసలి కుక్క విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. రెండో పరీక్ష చిగుళ్ల రంగు. పెదవి కొంచెం పైకెత్తితే చిగురు గులాబీ రంగులో కనబడాలి. కొన్ని కుక్కలకు పుట్టుకతోనే చిగుళ్లు నల్లగా ఉంటాయి. వాటికి నాలుక రంగు చూడండి. నీలంగానో, బూడిద రంగుగానో, సున్నం కొట్టినట్లు తెల్లగానో ఉంటే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయరాదు. కరిచే స్వభావమున్న కుక్కకు, టీకా లేని కుక్కకు ఈ పరీక్ష దూరం నుంచే సరి, దగ్గరికి పోకండి.

ఇక అందరినీ హడలగొట్టేదీ, చాలామటుకు హాని లేనిదీ ఒకటున్నది. దాన్ని మనం ఎదురు తుమ్ము అందాం. మామూలు తుమ్ములో గాలి ముక్కులో నుంచి బయటికి పోతుంది. ఎదురు తుమ్ములో గాలిని ముక్కుతో జోరుగా లోపలికి లాగుతుంది. కుక్క నిలబడి, మెడ చాచి, మోచేతులు ఎడం చేసి, వరసగా గురకవంటి శబ్దం చేస్తుంది. ముక్కు వెనుక, అంగిలి పైభాగాన దుమ్మో, పుప్పొడో తగిలినప్పుడు దాన్ని తోసివేయడానికి ఒళ్లు చేసే ప్రయత్నమిది. కల్లంలో వడ్లు తూర్పార పట్టేటప్పుడు, ఇంట్లో కారం దంచేటప్పుడు, మెడపట్టీ పట్టి గుంజినప్పుడు, ఆత్రంగా నీళ్లు తాగినప్పుడు ఇది రావచ్చును. కొన్ని క్షణాల నుంచి ఒకటి రెండు నిమిషాలు ఉంటుంది. ఆగిన మరుక్షణం కుక్క తోక ఆడించుకుంటూ తన పనికి తాను పోతుంది. అప్పుడు మీరూ మీ పనికి పోవచ్చును. కావాలంటే గొంతు మీద మెల్లగా నిమరండి, దుమ్ములో నుంచి అవతలికి తీసుకుపోండి. కాని అది రోజూ రాసాగినా, ముక్కులో నుంచి నెత్తురు వచ్చినా, ఒక్క ముక్కు పుటం నుంచే చీము కారినా లోపల గడ్డి ముల్లో, పుండో ఉందేమో డాక్టరు చూడాలి. సెల్‌ఫోనులో ఆ సంఘటన చిత్రం పట్టి చూపించండి. దవాఖాన గడప తొక్కేసరికి కుక్క మామూలుగా ఉంటుంది గదా!

మూడవ సంగతి రొప్పడం. మనకు ఒళ్లంతా చెమట పడుతుంది. కుక్కకు చెప్పుకోదగిన చెమట అరిపాదాలలోనే. అందుచేత అది నాలుక చాచి, గాలి ఆడించి, తడి ఆరడం వల్ల ఒళ్లు చల్లబరచుకుంటుంది. పరుగెత్తి వచ్చిన కుక్క రొప్పితే తప్పు లేదు. నీడన పడుకుంటే కొద్దిసేపట్లో తగ్గాలి. మే నెల ఎండలో నీడ లేని చోట కట్టేసిన కుక్క సంగతి వేరు. రొప్పు తగ్గక, చొంగ జిగటగా సాగి, చిగుళ్లు ఎర్రబడి, కుక్క తూలిపోతుంటే అది వడదెబ్బ. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. 106 చేరితే ప్రాణం మీదికి వచ్చినట్లే. ముందు చల్లార్చండి, తరువాత బండి ఎక్కించండి. నీడకు చేర్చి ఒళ్లంతా తడిసేటట్లు నీళ్లు పోయండి, గాలి విసరండి. వణుకు మొదలైతే నీళ్లు ఆపండి. తడి గోనెసంచి కప్పి వదిలేయకండి. కాసేపటికి అది దుప్పటిలాగా వేడిని పట్టి ఉంచుతుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలు ఎండను మరీ తట్టుకోలేవు.

నాలుగవది దగ్గు. నాలుగు కుక్కలు కలిసిన చోట అంటుకునే దగ్గు ఒకటున్నది. గొంతులో ఏదో అడ్డుపడ్డట్లు దగ్గి, చివరకు తెల్లని నురుగు కక్కుతుంది. తిండి తింటూ హుషారుగా ఉంటే చాలావరకు రెండు మూడు వారాల్లో సర్దుకుంటుంది. కాని పిల్ల కుక్కకు జ్వరం, కళ్ల పుసి, ముక్కు చీమిడి కూడా తోడైతే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధి కావచ్చును. పామరేనియన్ వంటి చిన్న జాతులకు గాలిగొట్టం మెత్తబడి నొక్కుకుపోయి బాతు అరిచినట్లు దగ్గు వస్తుంది. వాటికి మెడపట్టీ మాని, రొమ్ముకు తొడిగే పట్టీ వాడండి.

ఐదవది మన చేలల్లో ఉన్న ప్రమాదం. పత్తికి ప్రొఫెనోఫాస్, క్లోరోపైరిఫాస్ వంటి మందు కొట్టిన రోజున కుక్క ఆ డబ్బా నాకినా, మందు కలిపిన నీళ్లు తాగినా చొంగ ధారగా కారుతుంది, కంటిపాప సూదిమొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి, రొమ్ములో తేమ నిండి ఊపిరి గరగరలాడుతుంది. డాక్టరు దగ్గర దీనికి అట్రోపిన్ సూది ఉన్నది, వేళకు చేరాలి. మందు డబ్బాను, దాని మీది చీటీతో సహా, వెంట తీసుకుపోండి. నాగుపాము, కట్లపాము కాటులోనూ కండరాలు చచ్చుబడి ఊపిరి ఆగిపోతుంది. ఆయాసపడుతున్న కుక్క నోట్లో నూనె గాని, చింతపండు పులుసు గాని, ఉప్పునీళ్లు గాని పోయవద్దు. అది కడుపులోకి పోక ఊపిరితిత్తుల్లోకి దిగితే బతికే కుక్క కూడా చస్తుంది.

ఇంతదాకా కుక్క ప్రాణం సంగతి. ఇప్పుడు మనిషి ప్రాణం సంగతి. చెవి ఒగ్గి వినండి.

కుక్క నోరు తెరుచుకుని ఉంటుంది, కింది దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు, అరుపు మారిపోతుంది. చూసినవారు "గొంతులో బొక్క ఇరుక్కున్నది" అంటారు. ఒకరు దవడలు పట్టుకుంటారు, ఒకరు చెయ్యి లోపల పెట్టి వెతుకుతారు. ఇది ఎన్నటికీ చేయకూడదు. పిచ్చికుక్క వ్యాధిలో కరిచే రకమే కాదు, మందకొడిగా పడి ఉండే రకం కూడా కద్దు. అందులో గొంతు, దవడ కండరాలు చచ్చుబడతాయి. ఆ చొంగలోనే రోగం ఉంటుంది. చేతి మీద చిన్న గీత ఉన్నా చాలు, అందులో నుంచి మనకు ఎక్కుతుంది. లక్షణాలు బయటపడ్డాక ఈ రోగం నుంచి మనిషి బయటపడడం దాదాపు లేనేలేదు. కాబట్టి అటువంటి కుక్కను ముట్టకుండా, పిల్లలను దూరంగా ఉంచి, గదిలో గాని దొడ్లో గాని తలుపు వేసి పశువుల డాక్టరుకు కబురు చేయండి. టీకా వేయించిన మీ సొంత కుక్క మీ కళ్ల ముందే తింటూ తింటూ హఠాత్తుగా ఉక్కిరిబిక్కిరైతే అది వేరు. చిన్న కుక్కనైతే వెనుక కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తి, భుజాల నడుమ అరచేత్తో చరచి, వెంటనే దవాఖానకు తీసుకుపోండి.

చొంగ గాయానికి తగిలినా, కుక్క కరిచినా సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసరు పూయకండి. ఆ రోజే సర్కారు దవాఖానకు పోయి టీకా మొదలుపెట్టండి. బొడ్డు చుట్టూ 14 సూదులని భయపడి ఆగేవారు ఇప్పటికీ ఉన్నారు. గొర్రె మెదడుతో చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఆపివేసి ఇరవై ఏండ్లయింది. ఇప్పటి సూదులు చేతికే వేస్తారు. మొదటి రోజు, తరువాత 3, 7, 28 రోజులకు చర్మంలోకి వేసే పద్ధతి వాడుకలో ఉన్నది. గాయం లోతుగా ఉంటే గాయం చుట్టూ సీరం కూడా వేస్తారు. నొప్పి తగ్గింది గదా అని నడిమిట్ల ఆపవద్దు.

కుక్కకు కూడా మూడు నెలల వయసులో పిచ్చికుక్క వ్యాధి టీకా, తరువాత ఏటేటా మరొకటి వేయించండి. లూయీ పాశ్చర్ 1885 జూలై 6 న కుక్క కరిచిన ఒక పిల్లవానికి మొదటిసారి ఈ టీకా వేసినాడు. ఆ జ్ఞాపకంగా జూలై 6 న మన పశువుల దవాఖానల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేయడం పరిపాటి. విస్తరణ కార్యకర్తలు ఆ తేదీని ముందుగానే ఊరికి తెలియజెప్పాలి.

చివరగా మూడు ప్రశ్నలు. ఆగిన తరువాత కుక్క మామూలుగా ఉన్నదా? చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా? నిద్రలో ఊపిరి 30 లోపు ఉన్నదా? మూడింటికీ అవునంటే నిమ్మళంగా ఉండండి. ఒక్కదానికి కాదన్నా దవాఖానకు పోండి. దవడ వేలాడుతుంటే మాత్రం ఈ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి, ముందు మీ చెయ్యి కాపాడుకోండి.

సెలవు.